ఘనం చెయ్యి నాయనా

మొన్న సాయంత్రం దేవుడి గదిలోంచి మా ఆవిడ సుజాత "ఏవండీ, ఘనమవుతోంది, ఓసారి రండి" అని పిలిచింది. దిద్దుతున్న జవాబుపత్రాలు కింద పడేసి పరుగెత్తాను. మంచం కోడు తగిలి కాలివేలి గోరు ఊడినంత పనైంది. తీరా వెళ్తే సుజాత ఒత్తి సవరిస్తూ కూర్చుని ఉంది. నా మొహం చూసి తనే భయపడిపోయింది. "దీపమేనండీ, దీపమే. నూనె సీసా పైఅరలో ఉంది, అందక పిలిచాను" అంది.

సీసా తీసిచ్చి వరండాలో కూర్చున్నాను. ఆ ఒక్క మాటకి నేనిలా అయిపోయి ఏడాది దాటింది. దానికి కారణం మా వెనకవీధి మామ్మగారు. ఇప్పుడావిడ లేరు. ఆవిడే ఉంటే, 'లేరు' అన్నందుకు నా నోటిమీద ఒక్కటి వేసేవారు.

ఆవిడ అసలు పేరు నాకు తెలియదు. గుడి ముందు పూజసామాన్ల కొట్లవాళ్ళు ఒత్తుల మామ్మగారు అనేవారు, మేమూ అలాగే అనేవాళ్ళం. ఒంటిగది వాటా, ముందు చిన్న అరుగు. అరుగు మీద పీట, పీట పక్కన దూది, ఓ గిన్నెలో విభూతి. వేళ్ళు విభూతిలో అద్దుకుని, దూదిపింజె లాగి, అరచేతిలో వేసి ఒక్క రుద్దు రుద్దితే ఒత్తి తయారు. పేనేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు, ఊపిరి వదిలితే దూది ఎగిరిపోతుందని. అందువల్ల ఆవిడ మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. రెండు మాటలు, ఓ ఒత్తి. మళ్ళీ రెండు మాటలు, ఇంకో ఒత్తి. కొత్తవాళ్ళకి ఆయాసంతో మాట్లాడుతున్నారేమో అనిపించేది. మాకు అలవాటైపోయింది. అమలాపురంలో ఉన్న తమ్ముడు నెలకోసారి వచ్చి, తనతో వచ్చెయ్యమని బతిమాలేవాడు. "కార్తీకం వెళ్ళనీరా" అనేవారు. అది ఏ కార్తీకమో ఆవిడెప్పుడూ చెప్పలేదు.

ఆవిడకి లోకంలో ఒక్కటే భయం, తథాస్తు దేవతలు. వాళ్ళు మన నెత్తిమీదే తిరుగుతుంటారనీ, మనం ఏదంటే దానికి తథాస్తు అనేస్తారనీ, సందెవేళ మరీ కిందికి దిగి వింటారనీ గట్టి నమ్మకం. కాబట్టి చెడ్డమాట నోట రాకూడదు. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. గాజు పగలదు, పెరుగుతుంది. దీపం ఆరదు, ఘనమవుతుంది. ఇవి మా అమ్మా అనేది, మన ఇళ్ళల్లో అందరూ అనేవే. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. కరెంటు పోతే "కరెంటు కాస్త నడుం వాల్చింది" అనేవారు. జ్వరం తగిలితే "ఒళ్ళు వెచ్చగా సుఖంగా ఉంది" అనేవారు. ఎవరైనా చనిపోతే "ఊరెళ్ళాడు" అనేవారు. ఓసారి నిజంగానే కాకినాడ వెళ్ళిన పాలవాడి గురించి ఆ మాట అంటే, మా ఆవిడ వాళ్ళింటికి పలకరింపుకి బయలుదేరింది.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ మాష్టారిని. పాడైన వస్తువు కనిపిస్తే స్క్రూడ్రైవర్ పట్టుకోకుండా ఉండలేను. మా వీధిలో మిక్సీలూ, టార్చిలైట్లూ సగం నా చేతి మీదే నడుస్తాయి. నాకో సూత్రం ఉంది, పిల్లలకి కూడా అదే చెప్పేవాణ్ణి. 'మనిషి చెప్పేది నమ్మకండి, వస్తువు చెప్పేది నమ్మండి. మనిషి కంగారులో ఏదో అంటాడు. వస్తువు అబద్ధమాడదు.' ఈ ముక్క బోర్డు మీద రాయించి మరీ చెప్పేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మామ్మగారి దగ్గర ఓ పాటలపెట్టె ఉండేది. తమ్ముడు కొనిచ్చాడు. టిఫిన్ డబ్బా అంత ఎర్రటి పెట్టె. మెమరీ కార్డు పెడితే పాడుతుంది, చేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళచ్చు. పక్కన చిన్న చక్రం ఉంటుంది. పైకి తిప్పితే సౌండు పెరుగుతుంది, కిందికి తిప్పితే తగ్గుతుంది, ఇంకా తిప్పితే టిక్కుమని ఆగిపోతుంది. పొద్దున స్తోత్రాలు, మధ్యాహ్నం కీర్తనలు, సాయంత్రం మంగళహారతులు. పెట్టె పాడనిదే ఆవిడకి ఒత్తి పడదు.

మా పరిచయమే ఆ చక్రంతో మొదలైంది. ఓ సాయంత్రం నేనా వీధిన వస్తుంటే అరుగు మీంచి పిలిచారు. రెండు చేతులూ మణికట్టు దాకా విభూతి.

"మాష్టారూ, చేతులు ఖాళీ లేవు. ఆ పెట్టె కాస్త ఘనం చెయ్యి నాయనా."

దీపం సంగతి వేరు, పెట్టె దగ్గర ఘనమంటే నాకు తోచినవి రెండే. ఒకటి క్యూబు, రెండోది గడ్డకట్టిన పదార్థం. సందర్భాన్ని బట్టి గొప్పగా వినిపించమంటున్నారు కాబోలనుకుని చక్రం ఆఖరిదాకా పైకి తిప్పాను. ఎదురరుగు మీద కునుకు తీస్తున్న పెద్దాయన లేచి కూర్చున్నాడు. మామ్మగారు విభూతి చేతులతోనే చెవులు మూసుకున్నారు.

"ఘనం చెయ్యమంటే పెంచుతావేమయ్యా!"

"మరేం చెయ్యాలండీ?"

"చెప్పకూడనిది చెప్పించకు. కిందికి తిప్పు."

వీధి వీధంతా నవ్వింది. అప్పటినుంచి నన్ను చూస్తే ఎదురింటి పెద్దాయన "ఏం మాష్టారూ, ఘనమేనా?" అనేవాడు.

ఆ తర్వాత పెట్టె గరగరలాడుతోందని పిలిచారు. విప్పి చూస్తే చక్రం చుట్టూ సన్నటి దూది, విభూతి. ఆ చక్రం కింద నల్లటి బొగ్గుపూత ఉంటుంది, దానిమీద చిన్న రేకు జారుతూ సౌండు పెంచుతుంది, తగ్గిస్తుంది. మధ్యలో దుమ్ము చేరితే రేకు సరిగా ఆనదు, గరగరమంటుంది. బ్రష్షుతో తుడిచి, స్ప్రే కొట్టి, పైకీ కిందికీ పదిసార్లు తిప్పాను. గొంతు తేటపడింది.

"ఏం పట్టింది దానికి?"

"దుమ్మండి."

"దుమ్మనకు. విభూతి అను."

"సరే, విభూతి పట్టింది. ఈసారి గరగరమంటే నాకోసం చూడకండి. మీరే ఇలా పదిసార్లు పైకీ కిందికీ తిప్పండి, అదే సర్దుకుంటుంది."

బుద్ధిగా తలూపారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. నేను చెప్పిన ఆ వైద్యం ఆవిడకి మంత్రమైపోయింది.

అసలు గొడవ శ్రావణంలో మొదలైంది. ఓ సాయంత్రం, ముసురు పట్టి ఉంది, పెట్టె పాడుతూ పాడుతూ ఎవరూ ముట్టుకోకుండానే సన్నబడిపోయిందట. వీధి చివర ఇస్త్రీ బండి అతను ఆ మర్నాడు పొద్దున పోయాడు. గుండెపోటు. నేను పెట్టె చూడ్డానికి వెళ్తే మామ్మగారు గొంతు తగ్గించి, "నిన్న సందెవేళ సౌండు తనంతట తానే నిండుకుంది నాయనా. పొద్దున్నే అతను ఊరెళ్ళాడు" అన్నారు.

"ముసురుకి చెమ్మ పట్టిందండి. ఇస్త్రీ అతనికీ దీనికీ సంబంధం ఏంటి?"

"ఏమో నాయనా. నేనేం అనలేదు. నిండుకుందన్నానంతే."

తుడిచాను, ఆరబెట్టాను, బాగుచేశాను. ఆశ్వయుజంలో ఓరోజు మళ్ళీ అలాగే జరిగింది. ఈసారి నేను అక్కడే అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. నా కళ్ళముందే, చక్రం కదలకుండానే పాట సన్నబడుతూ సన్నబడుతూ గొణుగుడైంది. మామ్మగారి చేతులు ఆగిపోయాయి. ఒత్తి చేస్తూ ఆవిడ చేతులు ఆగడం నేను చూడటం అదే మొదలు. గోడవతల వాటాలో ముసలావిడ దగ్గుతోంది. ఇద్దరికీ నీళ్ళ దగ్గర మాటామాటా వచ్చి ఏడాదిగా పలకరింపుల్లేవు. మామ్మగారు ఆ గోడవంకే చూస్తూ కూర్చున్నారు. మూడోరోజు ఆ ముసలావిడ పోయింది.

నేను చదువుకున్నవాణ్ణి. ఆ ముసలావిడకి ఎనభై దాటాయని, మంచాన పడి ఆరునెలలైందని నాకు తెలుసు. అయినా ఆ రోజునుంచి వెనకవీధిలోకి వెళ్ళాల్సి వస్తే, మలుపులోనే చెవి ఒగ్గి పెట్టె వినిపిస్తోందా లేదా అని చూసుకునేవాణ్ణి. వినిపిస్తే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఇది ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు.

కార్తీకం వచ్చింది. పౌర్ణమికి మూడువందల అరవై అయిదు ఒత్తుల కట్టలకి కొట్లనుంచి ఒకటే తొందర. మామ్మగారు తిండి కూడా పీట మీదే తింటున్నారు. పౌర్ణమి వారం రోజులుందనగా మూడోసారి నిండుకుంది. నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని జోకొట్టినట్టు కొడుతున్నారు.

"ఈసారి ఎవరికో నాయనా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం ఆవిడ మీద కాదు, నాలో ఉన్న భయం మీద. కానీ అరిచింది ఆవిడ మీదే.

"చాలించండి మామ్మగారూ! వందరూపాయల చక్రం అరిగిపోయింది, అంతే. దానికీ ఎవరి ప్రాణానికీ ముడిపెట్టకండి. రాజమండ్రినుంచి కొత్త చక్రం తెప్పించి వేస్తాను. ఆ తర్వాత సౌండు పోయిందని నన్ను పిలిస్తే మాత్రం ఊరుకోను."

'ప్రాణం' అన్న మాట విని ఆవిడ ఓసారి పైకి చూశారు. సందెవేళ అని నాకు అప్పుడు తోచింది. మాట వెనక్కి తీసుకోలేం కదా.

రెండురోజుల్లో కొత్త చక్రం వచ్చింది. పాతది కోసి, కొత్తది అతికించి, దూది పోకుండా చుట్టూ పల్చటి రబ్బరు కూడా వేశాను. అటు తిప్పితే పెరిగింది, ఇటు తిప్పితే తగ్గింది. వెన్నలా తిరిగింది. అంత బాగా నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. మామ్మగారు నా చేతిలో ఒక కట్ట పెట్టారు. "సుజాతకివ్వు. పౌర్ణమినాడు వెలిగించమను. ఈ కట్ట నీ పేరున పేనాను" అన్నారు. గర్వంగా ఇంటికొచ్చాను.

పౌర్ణమికి ముందురోజు సాయంత్రం ఆరూ పదికి ఫోను మోగింది. టైము ఎలా గుర్తుందంటే, ఆ తర్వాత ఫోను తీసి ఆ అంకె ఎన్నిసార్లు చూసుకున్నానో. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. మామ్మగారు.

"నాయనా... ఘనమవుతోంది..." కాస్త ఆగి, "ఓసారి... రాగలవా?"

మాటలు ముక్కలుగా ఉన్నాయి. ఒత్తులు పేనుతున్నారనుకున్నాను. వెనకాల పెట్టె మంగళహారతి పాడుతోంది. నాలుగురోజుల క్రితం వేసిన నా కొత్త చక్రం అప్పుడే పాడైందా అని నాకు రోషం ముంచుకొచ్చింది.

"అలా అవడానికి వీల్లేదండి. పదిసార్లు పైకీ కిందికీ తిప్పండి చూద్దాం."

కాసేపటికి ఫోనులోంచి పాట పెద్దదైంది, చిన్నదైంది. మళ్ళీ పెద్దది, మళ్ళీ చిన్నది. మెల్లగా, చాలా మెల్లగా. గరగర లేదు, తెగడం లేదు. వస్తువు అబద్ధమాడదు.

"అదిగో, బాగానే ఉందిగా! రేపు పొద్దున స్కూలుకెళ్తూ చూస్తానులెండి" అని పెట్టేశాను.

గంటకి సుజాత భోజనానికి పిలిచి, ఫోన్ ఎవరని అడిగింది. చెప్పాను. కొత్త చక్రం వేసినా నస వదల్లేదని విసుక్కున్నాను కూడా. సుజాత అన్నం గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఏమన్నారు? సరిగ్గా చెప్పండి."

"ఘనమవుతోంది, ఓసారి రమ్మన్నారు."

"పెట్టెని ఘనం చెయ్యమంటారు. అది తనంతట తాను తగ్గితే నిండుకుందంటారు. తనంతట తాను ఘనమయ్యేది దీపమేనండీ! పదండి, పదండి!"

చెప్పులు కూడా వేసుకోలేదు. మలుపులోనే పాట వినిపించింది, హాయిగా, తేటగా. ఆ పాట విని ఊపిరి పీల్చుకునే అలవాటున్న నేను ఆరోజు ఊపిరాడక పరుగెత్తాను.

గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మొహం నిండా చెమట. ఎడమచేత్తో రొమ్ము పట్టుకున్నారు. కుడిచెయ్యి ఇంకా పెట్టె చక్రం మీదే ఉంది. పీట మీద కట్టకి చేరని ఒత్తులు కుప్పగా ఉన్నాయి. నన్ను చూడగానే నేను కోప్పడతాననుకున్నారో ఏమో, "తిప్పాను నాయనా. పదిసార్లూ తిప్పాను" అన్నారు.

ఎదురింటి పెద్దాయన ఆటో తెచ్చాడు. సుజాత ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకుని, విభూతికి జారుతుంటే ఇంకా గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అరిచాను. "నొప్పొస్తోందని ఒక్క మాట చెప్పొద్దా మామ్మగారూ? ప్రాణం మీదకొచ్చిందని చెప్పొద్దా?"

సుజాత నా నోరు మూసింది. మామ్మగారు కళ్ళు తెరిచి నావంక కాదు, ఆటో కప్పువంక చూశారు.

"సందెవేళ నాయనా... ఎలా అంటాను?"

కాలువ వంతెన దాటకముందే ఆ చెయ్యి బరువెక్కింది. ఆస్పత్రిలో డాక్టరు నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. ఆరూ పది అన్నాను. గోడగడియారం ఏడూ నలభై చూపిస్తోంది. అతను దానివంక చూసి, నావంక చూసి, రాసుకున్నాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఆవిణ్ణి తీసుకొచ్చేసరికి అరుగు నిండా జనం. లోపల పెట్టె ఇంకా పాడుతోంది, అందరూ మర్చిపోయారు. ఎదురింటి పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ పాట ఆపు మాష్టారూ" అన్నాడు. చక్రం మీద విభూతి వేళ్ళ గుర్తులున్నాయి. వాటిమీద నా వేలు పెట్టడానికి మనసు రాలేదు. "ఘనం చేస్తున్నానండీ మామ్మగారూ" అని పైకే అని, కిందికి తిప్పాను. పాట సన్నబడింది, టిక్కుమంది.

దినాలయ్యాక తమ్ముడు పెట్టెని నాకే ఇచ్చి వెళ్ళాడు. అందులో ఇప్పటికీ ఏ లోపమూ లేదు. ఆ మూడోసారి ఎందుకు తగ్గిందో మాత్రం ఆలోచించను, ఆలోచిస్తే రెండు జవాబులు వస్తాయి, రెండూ నాకు వద్దు. క్లాసులో ఆ పాత సూత్రం చెప్పడం మానేశాను. మా ఇంట్లో సాయంత్రంపూట ఆ పెట్టెనే పెడతాం. హారతి అయ్యాక సుజాత వంటింట్లోంచి "ఘనం చెయ్యండి" అంటుంది. నేను ముందు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆమె మొహం చూస్తాను. ఆ తర్వాతే పెట్టె దగ్గరికి వెళ్తాను.